రెండో సినిమాకు మిగలాలి

మీ దగ్గర కథ ఉంది. కెమెరా తెలిసిన స్నేహితుడున్నాడు. మన్ననూర్‌లోనో, అచ్చంపేటలోనో, కొంచెం ఇవతల వనపర్తిలోనో ఇల్లుంది. ఫిల్మ్‌నగర్‌లో మాత్రం ఎవరూ తెలియదు. కథ చెప్పడానికి హైదరాబాద్ తిరిగి తిరిగి అలసిపోయి, ఇక నిర్మాత కూడా మనమే అవుదాం అనుకుంటున్నారు. ఆ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు. అవునా?

అయితే మనం మాట్లాడుకోవాల్సిందే. షాట్ ఎలా పెట్టాలో, స్క్రీన్‌ప్లే ఎలా రాయాలో ఈ అధ్యాయంలో చెప్పను. అవి నేర్పే పుస్తకాలు, వీడియోలు బోలెడున్నాయి. నిర్మాత, దర్శకుడు ఒకే మనిషి అయినప్పుడు వచ్చే చిక్కుల గురించి చెప్పేవాళ్లే తక్కువ.

సొంత డబ్బుతో మొదటి సినిమా తీసినవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. వాళ్లలో రెండోది తీసినవాళ్లెందరు? ప్రతిభ లేక ఆగిపోయారా? చాలామంది విషయంలో కాదు. పొలం, బంగారం, స్నేహాలు, ఇంట్లో మాట చెల్లుబాటు, అన్నీ మొదటి సినిమాకే పెట్టేశారు. విత్తనాలకని దాచిన గింజలు కూడా వండుకు తింటే వానలు పడ్డాక దుక్కి దున్ని ఏం లాభం? మొదటి సినిమా ఎంత గొప్పగా తీయాలన్నది మీరు ఎలాగూ ఆలోచిస్తారు. దాని తర్వాత రెండోది తీయగలిగే స్థితిలో ఉండటం ఎలా అన్నదే నేను పట్టుకున్న విషయం.

అలా నిలబడినవాళ్లు మన భాషలోనే ఉన్నారు. ఆర్. నారాయణమూర్తి 1986లో ‘అర్ధరాత్రి స్వతంత్రం’ తీశారు. నిర్మాత ఆయనే, దర్శకుడూ ఆయనే. 1994లో ‘ఎర్రసైన్యం’ ఊరూరా ఆడింది. తర్వాత ఆడనివీ వచ్చాయి. అయినా 2021లో ‘రైతన్న’ దాకా అదే స్నేహచిత్ర బ్యానరు మీద తీస్తూనే వచ్చారు. బి. నర్సింగరావు ముందు నిర్మాతగా దిగారు. ‘మా భూమి’ని జి. రవీంద్రనాథ్‌తో కలిసి నిర్మించి, దర్శకత్వం గౌతమ్ ఘోష్ చేతిలో పెట్టారు. అది 1980లో థియేటర్లకు వచ్చింది. ఆ పని దగ్గరుండి చూశాకే 1983లో ‘రంగుల కల’తో దర్శకుడయ్యారు. ఈ కాలంలో చూస్తే పరుచూరి ప్రవీణ ఉన్నారు. అమెరికాలో డాక్టరు. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ నిర్మించి, 2025లో ‘కొత్తపల్లిలో ఒకప్పుడు’తో తానే దర్శకురాలయ్యారు. ముగ్గురివీ మూడు దారులు. ఎవరూ ఒక్క సినిమాతో ఆగిపోలేదు.

ఇక పనిలోకి దిగుదాం.

1. పోయినా తట్టుకోగల అంకె ఎంతో తేల్చుకోండి

‘సినిమాకు ఎంతవుతుంది?’ అని అందరూ అడుగుతారు. మీరు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది: ‘ఎంత పోతే నా ఇల్లు నడుస్తుంది?’ ఆ అంకె పన్నెండు లక్షలైతే పన్నెండు లక్షల కథే రాయండి. రెండు లక్షలైతే షార్ట్ ఫిల్మ్ తీయండి, డాక్యుమెంటరీ తీయండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. నర్సింగరావు ‘మా ఊరు’ డాక్యుమెంటరీ తీసింది 1987లో, అప్పటికే ‘రంగుల కల’ తీసేశాక.

పన్నెండు లక్షలు ఉన్నాయనుకుందాం. మొత్తం షూటింగ్‌కే అనుకుంటే మునిగిపోయినట్టే. ఐదు లక్షలు షూటింగ్‌కి, నాలుగు లక్షలు ఎడిటింగ్, సౌండ్, డీఐ లాంటి తర్వాతి పనులకి, రెండు లక్షలు సెన్సారు, విడుదల, ఫెస్టివల్ ఎంట్రీలకి పక్కన పెట్టండి. ఆ మిగిలిన లక్ష ఎవరూ ముట్టకూడదు. వాన పడ్డ రోజు, జనరేటర్ మొరాయించిన రోజు, ముఖ్య నటుడికి జ్వరం వచ్చిన రోజు అదే మిమ్మల్ని కాపాడుతుంది.

మిత్తికి తెస్తే? లెక్క మీరే చూడండి. పది లక్షలు రెండు రూపాయల మిత్తికి తెచ్చారు. నెలకు ఇరవై వేలు. చిన్న సినిమా మొదలై జనం ముందుకు రావడానికి రెండేళ్లు పట్టడం మామూలే. అప్పటికి మిత్తే 4 లక్షల 80 వేలు. అసలు అలాగే ఉంటుంది. ఆ అప్పు మీ కథను కూడా మార్చేస్తుంది. ‘ఒక ఐటమ్ సాంగ్ పెడితే కొనేవాడు దొరుకుతాడేమో’ అన్న ఆలోచన అక్కడే పుడుతుంది. అప్పు కంటే వాటా మేలు. నలుగురు స్నేహితులు తలా కొంత పెట్టి, లాభంలోనూ నష్టంలోనూ పాలు పంచుకుంటామని కాగితం రాసుకోవడం మేలు.

2. రోజూ రాత్రి దర్శకుణ్ని లెక్కల ముందు కూర్చోబెట్టండి

మీలో ఇద్దరున్నారు. దర్శకుడికి క్రేన్ కావాలి, ఇంకో టేక్ కావాలి, ఇంకో రోజు కావాలి. నిర్మాత వద్దనాలి. వేరే మనిషి నిర్మాతగా ఉంటే ఆ గొడవ బయట జరుగుతుంది. మీ ఒక్కరి తలలోనే జరిగితే ఎప్పుడూ దర్శకుడే గెలుస్తాడు. షూటింగ్ లొకేషన్‌లో ‘ఈ ఒక్కసారికి’ అనుకోని దర్శకుడు ఉంటాడా?

అందుకే లెక్కల పుస్తకం ఇంకొకరి చేతిలో పెట్టండి. అక్కో, బావో, కిరాణా కొట్టు నడిపే మిత్రుడో ఎవరైనా సరే. సినిమా పిచ్చి లేని మనిషి అయితే ఇంకా మంచిది. రాత్రి ప్యాకప్ అయ్యాక టిఫిన్లు, డీజిల్, బేటాలు, ఆటో కిరాయిలు అన్నీ చదివి వినిపించాలి. రోజుకు అనుకున్నదాని కంటే ఎక్కువైతే మర్నాటి సీన్లలో ఏది తగ్గించాలో అప్పుడే, ఆ పుస్తకం ముందే తేల్చాలి. ‘తర్వాత సర్దుకుంటుంది’ అన్న మాట ఆ గదిలో వినపడకూడదు.

3. కథను మీ చేతికి అందే చోట పెట్టండి

నర్సింగరావు ‘దాసి’ సినిమా గుర్తుందా? 1988. కథంతా దాదాపు ఒక గడీ చుట్టూ తిరుగుతుంది. ఆ సినిమాకు 5 జాతీయ పురస్కారాలు వచ్చాయి. అందులో కళా దర్శకత్వానిది చిత్రకారుడు తోట వైకుంఠానికి దక్కింది. చోటు తక్కువ కాబట్టి శ్రద్ధ ఎక్కువ పెట్టగలిగారని నా నమ్మకం. సినిమావాళ్లు మాత్రమే సినిమాకు పనికొస్తారన్న భ్రమ కూడా వైకుంఠాన్ని చూస్తే పోతుంది.

మీ స్క్రిప్టు తీసుకుని ఎన్ని లొకేషన్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఇరవై ఉంటే ఏడుకు దించండి. గద్వాల కోటలో ఒక సీను, సోమశిల దగ్గర కృష్ణలో ఒక పాట, శ్రీశైలం డ్యాం మీద ఒక షాటు అని రాసుకుంటే కాగితం మీద బాగుంటుంది. యూనిట్ వ్యాన్‌లో గడిచే ప్రతి పూటకూ మీరు భోజనాలు పెట్టాలి. సినిమాలోకి మాత్రం ఒక్క ఫ్రేమూ రాదు.

4. అడవిలో తీయాలనుకుంటే

దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను. ఎందుకంటే ఈ ప్రాంతంలో కథ రాసే ప్రతి ఒక్కరి స్క్రిప్టులోనూ నల్లమల ఉంటుంది.

మన్ననూర్ అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి వాకిలి. ఇక్కడి అటవీ చెక్‌పోస్టు దాటగానే శ్రీశైలం రోడ్డు అడవిలో పడుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలకు గేటు మూసేస్తారు. ‘మబ్బుల నాలుగింటికి బయలుదేరి సూర్యోదయం షాట్ పట్టేద్దాం’ అని కాల్‌షీట్ వేసే దర్శకుడు ఈ గేటును మర్చిపోయాడన్నమాట. ఆ పూట యూనిట్ మొత్తం చెక్‌పోస్టు దగ్గర చాయ్ తాగుతూ కూర్చుంటుంది. సూర్యుడు మాత్రం ఆగడు.

అనుమతి సంగతి ఇంకా ముఖ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో 28వ సెక్షన్ కింద అభయారణ్యంలోకి వెళ్లడానికి అనుమతి ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. 2022 సవరణతో ఫిల్మ్ మేకింగ్ మాట కూడా ఆ సెక్షన్‌లో చేరింది. అడవికి మార్పు గానీ, జంతువులకు కీడు గానీ జరగకూడదన్నది షరతు. అంటే కంచె వేయడం, చెట్టుకొమ్మలు నరకడం, పొగబాంబులు పెట్టడం కుదరవు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటి చూడండి. ‘బీట్ ఆఫీసర్ మా ఊరాయనే, ఏమనడు’ అన్న ధైర్యంతో నలుగురు కుర్రాళ్లు లోపలికి వెళ్తారు. డ్రోన్ లేపుతారు. కాసేపటికి జీపు వస్తుంది. కెమెరా, డ్రోన్, మెమరీ కార్డులు ఆఫీసుకు పోతాయి. కెమెరా అద్దెది. అది బీరువాలో ఉన్నన్ని రోజులూ అద్దె నడుస్తూనే ఉంటుంది. కేసు సంగతి వేరే. ఆ ఊరాయనకు కూడా మెమో వస్తుంది. ఇదంతా ఎందుకు?

కాబట్టి స్క్రిప్టు దశలోనే రెండు రంగుల పెన్నులు తీసుకోండి. అభయారణ్యంలో తప్ప కుదరని సీన్లకు ఒక రంగు, అడవిలా కనిపిస్తే చాలనుకునే సీన్లకు ఇంకో రంగు. రెండో రకాన్ని అచ్చంపేట వైపు రెవెన్యూ భూముల్లో ఉన్న గుట్టల్లో, చెలకల అంచుల్లో, యజమాని ఒప్పుకున్న పొలాల్లో తీసుకోవచ్చు. మొదటి రకం నాలుగైదు సీన్లకు దిగిందంటే దరఖాస్తు పని తేలికవుతుంది. ఎంతమంది, ఎన్ని బళ్లు, ఏ తేదీ, ఏ చోటు అన్నది స్పష్టంగా రాసి నెలల ముందే పెట్టండి. జవాబు రాకముందు నటుల తేదీలు ఖాయం చేయకండి.

ఇంకో సంగతి బయటినుంచి వచ్చిన కెమెరామన్‌కు తట్టదు. మీకు తెలుసు. ఇది ఆకు రాల్చే అడవి. ఫాల్గుణంలో మోదుగ పూసే నాటికి చెట్లు బోసిగా, నేల ఎండుటాకులతో గలగలలాడుతూ ఉంటుంది. తొలకరి పడిన కొన్ని వారాలకే అదే చోటు గుర్తుపట్టలేనంత పచ్చగా మారిపోతుంది. మార్చిలో మొదలుపెట్టిన సీనుకు జులైలో ప్యాచ్ వర్క్ చేద్దామంటే ఆ చెట్టు కిందే నిలబడినా కంటిన్యుటీ కలవదు. అందుకే అడవి సీన్లన్నీ ఒకే రుతువులో, ఒకే విడతలో ముగించండి. ఇళ్ల లోపలి సీన్లు ఎప్పుడైనా తీసుకోవచ్చు.

5. చెంచు పెంటకు ముందు కెమెరా లేకుండా వెళ్లండి

తెలుగు సినిమాకు చెంచులు కొత్త కాదు. 1943లో ఒక ‘చెంచులక్ష్మి’, 1958లో ఇంకో ‘చెంచులక్ష్మి’ వచ్చాయి. రెండూ పురాణ కథలే. పెంటలంటే చెంచుల గూడేలు. నిజంగా వాటిలో బతికే మనిషి బతుకు తెర మీదికి వచ్చింది చాలా తక్కువ. మన్ననూర్‌లో గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉన్నదే వాళ్ల కోసం. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు నల్లమల అంతా కదిలింది, ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ తీర్మానం చేసింది. ఎన్ని కథలున్నాయో చూడండి. అవి చెప్పే అవకాశం హైదరాబాద్ దర్శకుడి కంటే మీకే దగ్గర. బాధ్యత కూడా మీకే ఎక్కువ.

మీరు వెళ్లి, ‘తాతా, రెండు దినాలు మీ పెంటల షూటింగ్ చేస్కుంటం’ అన్నారనుకోండి. ఇలాంటి జవాబే రావచ్చు: ‘తీస్కపోయినోళ్లు మస్తుమంది బిడ్డా. మళ్లొచ్చి సూపిచ్చినోళ్లే లేరు.’

అప్పుడు ఏమంటారు?

నా సలహా ఇది. మొదటి కొన్నిసార్లు ఊరికే వెళ్లండి. కూర్చోండి, వినండి. కథ ఏమిటో, ఎవరు చూస్తారో, మీకు డబ్బు వస్తే వాళ్లకేమిటో దాపరికం లేకుండా చెప్పండి. తేనెకు పోయే రోజుల్లో, ఇప్పపూలు ఏరే రోజుల్లో షూటింగ్ పెట్టి వాళ్ల పని చెడగొట్టకండి. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర ఉంటుంది. జనం వేలల్లో వస్తారు. ‘జాతర ఫ్రీగా దొరికే క్రౌడ్’ అని స్క్రిప్టులో రాసుకునే ముందు, ఆ లోయదారిలో మీ ట్రైపాడ్ ఎవరికి అడ్డమవుతుందో ఆలోచించండి.

కూలి సంగతిలో ఖచ్చితంగా ఉండండి. హైదరాబాద్ నుంచి తెచ్చిన జూనియర్ ఆర్టిస్టుకు ఎంతో, పెంట మనిషికీ అంతే. అదే రోజు సాయంత్రం, చేతికి. టైటిల్స్‌లో పేరు, వాళ్లు చెప్పిన తీరులోనే. పాత ఫొటోల్లో ఉన్నట్టు బట్టలు విప్పి నిలబడమని అడగడం, వద్దన్న పూజను దొంగచాటుగా తీయడం లాంటివి చేసినవాళ్లకు ఆ పెంటలో రెండోసారి చోటుండదు. ఉండకూడదు కూడా.

6. నటులను ఊళ్లో వెతకండి, కానీ తొందరపడకండి

‘కేరాఫ్ కంచరపాలెం’లో తెర మీద కనిపించినవాళ్లలో ఎక్కువమంది ఆ పేట మనుషులే. అంతకుముందు రజనీష్ దోమలపల్లి ‘వనజ’ తీసినప్పుడు కూడా నటన తెలియనివాళ్లనే తీసుకుని నెలల తరబడి తర్ఫీదు ఇచ్చారు. 2007లో బెర్లిన్‌లో అది ఉత్తమ తొలి చిత్రం అయింది. అందరూ చూసేది బెర్లిన్‌ను. మీరు చూడాల్సింది ఆ నెలల తర్ఫీదును. ‘మన బాబాయే కదా, కెమెరా ముందు నిలబెడితే చేసేస్తాడు’ అనుకుంటే మొదటి రోజే బాబాయి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోతాడు. రిహార్సల్‌కు ఖర్చు తక్కువ, షూటింగ్ రోజుకు ఖర్చు ఎక్కువ. కాబట్టి రోజూ సాయంత్రం బడి వరండాలో కూర్చుని సీన్లు చెప్పించండి.

పిల్లలు నటిస్తుంటే జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. వాళ్ల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. చిన్న సినిమా అని ఈ నిబంధన సడలదు.

7. ‘మనోడే గదా’ అన్న చోటే కాగితం రాసుకోండి

కెమెరా చేసిన మిత్రుడికి డబ్బులివ్వలేదు, ‘లాభమొస్తే చూద్దాం’ అన్నారు. సినిమా ఎవరో కొన్నారు. లాభం అంటే ఏమిటి? మీ ఖర్చులు పోగానా, ముందేనా? ఆ రోజు మీకు గుర్తున్నది వేరు, అతనికి గుర్తున్నది వేరు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక పేజీ రాసుకుని ఉంటే స్నేహం మిగిలేది. కథ రాసినవాళ్లు, పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, పొలం ఇచ్చినవాళ్లు, డబ్బు పెట్టినవాళ్లు, ఒక్కొక్కరితో ఒక్కో పేజీ. తేలిక తెలుగులో రాయండి. సంతకాలు పెట్టండి. చెరో ప్రతి.

పాటల విషయంలో మరీ జాగ్రత్త. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో ఊరూరా వినిపించింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అలాంటి కళాకారులు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల పాటను ఫోన్‌లో రికార్డు చేసుకుని ‘జానపదం, అందరిదీ’ అని వాడేసుకోవడం అన్యాయం. 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసినవారికీ, స్వరం కట్టినవారికీ రాయల్టీలో వాటా ఉంటుంది. దాన్ని వదులుకున్నట్టు మీరు రాయించుకున్నా చెల్లదు.

8. తీయడం అయిపోయాక సగం పని మిగిలే ఉంటుంది

అల్లాణి శ్రీధర్ ‘కొమరం భీమ్’ 1990లో తయారైంది. నంది పురస్కారాలు కూడా వచ్చాయి. థియేటర్లకు వచ్చింది 2010లో. మంచి సినిమా తీస్తే అదే బయటికి వస్తుందన్న నమ్మకం ఎంత ఖరీదైనదో ఇంతకంటే ఎవరు చెప్పగలరు? విడుదలకని పక్కన పెట్టిన ఆ రెండు లక్షలు షూటింగ్ చివరి రోజున మిమ్మల్ని బాగా ఊరిస్తాయి. ముట్టకండి.

ఫుటేజ్ మూడు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. టైటిల్‌ను ఫిల్మ్ చాంబర్‌లో ముందే రిజిస్టర్ చేయించండి. జంతువులతో సీన్లుంటే, అవి మీ ఇంటి మేకలే అయినా, జంతు సంక్షేమ బోర్డు కాగితం సెన్సారు దగ్గర అడుగుతారు. దానికి షూటింగ్‌కు ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. సెన్సారు ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఓటీటీకే ఇస్తాం, సెన్సారు ఎందుకు అంటారా? జాతీయ పురస్కారాలకు పంపాలంటే ఆ సర్టిఫికెట్ ఉండాలి.

ఏటా నవంబర్‌లో గోవాలో ఇఫీ చలనచిత్రోత్సవంతో పాటు ఎన్‌ఎఫ్‌డీసీ నిర్వహించే వేవ్స్ ఫిల్మ్ బజార్ జరుగుతుంది. పూర్తికాని సినిమాలను కూడా అక్కడ అనుభవజ్ఞులకు చూపించి సలహాలు తీసుకునే ఏర్పాటుంది. మొదటిసారే అమ్ముడుపోవాలని వెళ్లకండి. పదిమందితో పరిచయం చేసుకుని రండి. ఆ పదిమందిలో ఒకరు మీ రెండో సినిమాకు పనికొస్తారు.

9. రెండు సినిమాల మధ్య బతకండి

పెళ్లిళ్ల వీడియోలు తీయండి, బడిలో పాఠాలు చెప్పండి, వ్యవసాయం చేయండి. ప్రవీణ డాక్టరుగానే ఉంటూ సినిమా నిర్మించారు. ఉద్యోగం మానేస్తేనే నిజమైన దర్శకుడు అనే మాట ఎవరన్నా చెప్తే, వాళ్ల ఇంటి అద్దె ఎవరు కడుతున్నారో కనుక్కోండి.

10. సినిమాను ఊరికి తీసుకురండి

విడుదలయ్యాక వారం తిరక్కుండా మీ లొకేషన్లలో చూపించండి. పెంటలో ఆ తాత అడిగింది అదే కదా. తెల్లగుడ్డ, ప్రొజెక్టర్, రెండు స్పీకర్లు, ఒక చిన్న జనరేటర్. అన్నీ అచ్చంపేటలో పెళ్లి సామాను అద్దెకిచ్చేవాళ్ల దగ్గర విచారించండి. అడవి లోపలి పెంటల మనుషుల్ని మన్ననూర్‌కు పిలిస్తే రాత్రి గేటు సంగతి గుర్తుంచుకుని, ఆ పూటకు పడకా భోజనమూ మీరే చూడండి. దీనికయ్యే ఖర్చు బడ్జెట్‌లో మొదటి రోజే రాసుకోండి, విడుదల తేదీ ఖాయమైన రోజునే ఈ తేదీ కూడా వాళ్లకు చెప్పండి.